ముఖానికి తేనె

"బిడ్డా, ఆ తేనె క్రీము డబ్బా ఒకటియ్యి" అన్నాడు ముసలాయన.

భారతి తలెత్తి చూసింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది. వరంగల్ స్టేషన్ రోడ్డులో వాళ్ల ఫ్యాన్సీ స్టోరు కొత్తగా తెరిచారు. గాజులకూ రిబ్బన్లకూ వచ్చేవాళ్లంతా ఆడవాళ్లే. పంచె కట్టుకున్న ముసలాయన ఒక్కడే వచ్చి ముఖానికి రాసుకునే క్రీము అడగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

పైగా అది కంపెనీ సరుకు కాదు. మైనం కరిగించి, కొబ్బరినూనె, గులాబు నీళ్లు, మేడారం అడవి తేనె పోసి భారతి ఇంట్లో చిలికి చేసింది. పెద్ద పేరున్న స్నో క్రీముల పక్కన దాని వంక చూసే దిక్కు లేదు. ఆయనే మొదటి బేరం.

ముసలాయన అక్కడే మూత తీసి వాసన చూశాడు. గల్లా మీది అద్దం తీసుకోవచ్చా అని అడిగాడు. ఉంగరం వేలితో కొంచెం తీసి, గడ్డం నుంచి పైకి, చెంపల మీదికి, కళ్ల కింద తాకీ తాకనట్టుగా అద్దుకున్నాడు. ఏ పెళ్లికూతురూ అంత ఓపికగా రాసుకోవడం భారతి చూడలేదు.

"ఎవలకు తాతా గీ క్రీము?"

"నాకే బిడ్డా. ముఖం మండుతది."

"ఏమైంది?"

"పాత రంగు. లోపలికి దిగింది" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఏం రంగో ఆమెకు అర్థం కాలేదు. చేతులు చూస్తే దుక్కి దున్నేవాడి చేతుల్లా నల్లగా, మొరటుగా ఉన్నాయి. ముఖం మాత్రం ఉల్లిపొర లాగా పలచబడి, అక్కడక్కడ తెల్లగా పాలిపోయింది. కనుబొమ్మలు గీత గీసినట్టు సన్నగా ఉన్నాయి.

ఆ తర్వాత కూడా వచ్చాడు. పేరు కొమురెల్లి అనీ, నెక్కొండ నుంచి పాసింజర్ బండిలో వస్తాననీ చెప్పాడు. ఏం పని చేసేవాడివని అడిగితే మాత్రం మాట తప్పించి, ఈసారి తేనె మంచిగ కుదిరిందనో, ఇది రాసినప్పటి నుంచి మంట తగ్గి రాత్రి కన్ను మూతపడుతున్నదనో చెప్పేవాడు.

భారతి ఆయన వేలి పోకడ చూసి నేర్చుకుంది. వచ్చిన ఆడవాళ్లకు అలాగే రాసి చూపించింది. వాళ్లకు నచ్చింది. డబ్బాలు కదలడం మొదలైంది.

ఆ ఆడవాళ్లే ముసలాయన అద్దం ముందు నిలబడితే మూతులు ముడిచి నవ్వుకునేవారు. ఈ వయసులో ఈ సోకేందన్నారు. ఆయన ఉంటే గాజులు తొడుక్కోవడానికి సిగ్గవుతున్నదన్నారు. ఒక కుటుంబం ఎదుటి దుకాణానికి మారిపోయింది. వెనక గదిలో మంచం మీద కూర్చునే అత్త రాజక్క కూడా, మొగోడు గంటసేపు అద్దం చూసుడేందని గొణిగింది.

చివరికి ఒకరోజు భారతి భర్త లక్ష్మీనారాయణ ఆయన చేతిలోంచి అద్దం తీసుకున్నాడు. గట్టిగా ఏమీ అనలేదు. ఇది ఆడవాళ్లొచ్చే దుకాణమని, ఇకమీదట రావద్దని చెప్పాడు.

"మంచిది సేటూ" అన్నాడు ముసలాయన.

కొనబోయిన డబ్బా గల్లా మీదనే పెట్టి మెట్లు దిగాడు. పిలుద్దామని భారతికి నోటిదాకా వచ్చింది. భర్త ముఖం చూసి ఊరుకుంది.

వానలు పడ్డాయి, పోయాయి. నెక్కొండ బండి కూత వినపడినప్పుడల్లా ఆమె వాకిలి వైపు చూసేది. ఆయన రాలేదు.

ఒక మధ్యాహ్నం వేరే మనిషి వచ్చి తేనె క్రీము అడిగాడు. పేరు వెంకట్రాజం, తనదీ నెక్కొండే అన్నాడు.

"కొమురెల్లి తాత మంచిగున్నడా?" అన్నది భారతి ఆత్రంగా.

"పొద్దుగాల పానం పోయిందమ్మా. ఎండి పగిలిన ముఖంతోని నన్ను తీసుకపోవద్దు, స్టేషన్ రోడ్డు తేనె క్రీము రాయుండ్రి అని మాట తీసుకున్నడు."

భారతి డబ్బా తీసి గల్లా మీద పెట్టింది. ఆ పాత రంగు సంగతేమిటని మెల్లగా అడిగింది.

వెంకట్రాజం చెప్పాడు. వాళ్లది భాగోతం మేళం, తాను హార్మోనియం. కొమురెల్లి మీసం రాకముందు నుంచీ అమ్మవారి వేషం కట్టాడు. ఏండ్ల తరబడి వేషం కోసం పూసిన అర్దళం రంగు ముఖం మీది తోలు తినేసింది. ఆ వేషంలో ఆయన అడుగు పెడితే ఊళ్లకు ఊళ్లే బిందెలతో కాళ్లు కడిగేవి. రంగు కడుక్కుని బయటికొస్తే ఆయనే అని ఎవరూ పోల్చుకునేవాళ్లు కాదు.

రాజక్క వెనక గదిలోంచి లేచి వచ్చింది.

"నిజాం జమానాల మీ మేళం మా ధర్మసాగర్‌కు వచ్చేదా?"

ఏటా పంట ఇంటికొచ్చినంక వచ్చేవాళ్లమన్నాడు వెంకట్రాజం.

"అమ్మవారు ఆయనేనా?"

"ఆయనే. ఉన్నన్ని దినాలు ఆ వేషం ఇంకెవ్వలకు ఇయ్యలే."

రాజక్క గల్లా దగ్గర కూర్చున్న కొడుకు వైపు తిరిగింది. దుకాణం మూసి నెక్కొండ పోదాం నడువమన్నది.

"మనమెందుకమ్మా?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"పెండ్లయి ఎన్నేండ్లయినా కడుపు పండకపోతే, తెర వెనక్కి పోయి ఆ అమ్మవారి కాళ్లు పట్టుకున్న బిడ్డా" అన్నది రాజక్క, "నా తల మీద చెయ్యి పెట్టి దీవించిన ఏడాదికే నువ్వు పుట్టినవు."