నీలం రాని సీసా

ఫ్యాక్టరీ వదిలిన ఆర్సెనిక్ విషం బావిలోకి దిగాక కాలనీ అంతా ఖాళీ అయింది. నీళ్లు పరీక్షించే పని ఒప్పుకొని బాలమణి ఒక్కతే ఉండిపోయింది. అప్పటికి ప్రతి వంటింట్లో ఉండే సూక్ష్మజీవుల సీసాలే ఆమె దగ్గరా ఉండేవి. రోజూ కొత్త సీసా తీసి అందులో చెంచాడు బావినీళ్లు పోసేది. సూక్ష్మజీవుల డీఎన్ఏను ఒక ప్రొటీన్ పట్టుకుని రంగు పుట్టకుండా ఆపుతుంది. ఆర్సెనిక్ తగిలితే పట్టు వదిలేస్తుంది, సీసా నీలమవుతుంది. పదకొండేళ్లుగా నీలమే.

ఆ రోజు మధ్యాహ్నమైనా రంగు రాలేదు. సూక్ష్మజీవులు చచ్చాయేమోనని అదే సీసాలో ఆర్సెనిక్ చుక్క వేసింది. కాసేపటికి నీలమైంది. అవి బతికే ఉన్నాయి. వారం రోజులు అలాగే చూసి, ఒకప్పటి పక్కింటి సుగుణకు ఫోన్ చేసింది.

"అక్కా, నీళ్లు మంచిగైనయి. ఇగ రండ్రి."

"మంచిదే బాలమణీ. గని ఈడ ఇల్లు కట్టుకున్నం. పిల్లలకు ఆ కాలనీ యాదికే లేదు. నువ్వే ఇటు రారాదు?"

"చూస్తనక్కా."

బాలమణి బావి దగ్గరికి వెళ్లి చేదతో తోడి, దోసిలి పట్టి తాగింది.

"ఎంత తియ్యగున్నయో!" అని పైకే అంది.

తర్వాత ఇంకో చేద తోడి, తాళం వేసి ఉన్న సుగుణ ఇంటి వాకిలి కడిగింది.