జాబితాలో లేని ప్రాణి

పార్పాయిస్‌లు, అంటే డాల్ఫిన్లకు పొట్టి చుట్టాలు, వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిపోతున్నాయని ప్రభుత్వం తెలివైన వలలు తప్పనిసరి చేసి ఆరేళ్లయింది. దగ్గరలో పార్పాయిస్ ఊపిరి వినబడితే చాలు, వల దానంతటదే విచ్చుకుంటుంది. ఇంకెవరి మాటా వినదు.

ఆ ఉదయం భావనపాడు తీరానికి దూరంగా ఎల్లాజీ, అతని భార్య పోలమ్మ వల లాగుతున్నారు. ఎల్లాజీ కాలు జారి నీళ్లలో పడ్డాడు. వల అతని నడుముకు చుట్టుకుంది.

“ఇప్పియ్యే! మనిసి సచ్చిపోతన్నాడే!” అంటూ పోలమ్మ పడవలో ఉండి వలను నడిపే పెట్టె మీద గుద్దింది.

“మనిషి రక్షిత జీవుల జాబితాలో లేడు. అభ్యంతరం ఉంటే దరఖాస్తు చేసుకోండి,” అంది పెట్టె మర్యాదగా.

పోలమ్మ కత్తి తీసి వలను కోయబోయింది. తెగని దారమని అమ్మినవాళ్లు చెప్పింది నిజమే. ఎల్లాజీ తల ఒకసారి పైకొచ్చి మళ్లీ మునిగింది. పోలమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడుపులోనే, పడవ పక్కన పార్పాయిస్‌లు పైకి తేలి ఊపిరి వదిలే తీరు గుర్తొచ్చింది. పెట్టెకు మూతి ఆనించి “బుఫ్... బుఫ్...” అని గట్టిగా ఊదింది.

వల విచ్చుకుంది. పడ్డ చేపలన్నీ చెదిరిపోయాయి. ఎల్లాజీ దగ్గుతూ తేలాడు. పోలమ్మ వంగి అతని జుట్టు పట్టుకుంది.

“ఒక పార్పాయిస్‌ను కాపాడారు, అభినందనలు,” అంది పెట్టె. “దాన్ని పడవలోకి ఎక్కించడం శిక్షార్హమైన నేరం.”

“నోరు ముయ్యే! ఈ పార్పాయిసు సేతే నాను తాళి కట్టించుకున్నాను,” అని పోలమ్మ మొగుణ్ణి పడవలోకి లాగేసింది.