చిన్న గుంట డొప్ప

"ఇది నీ బకెట్లోదే," అన్నాడు ఎల్డన్, ఇత్తడి డొప్పను హోయ్ట్ ముందు బల్ల మీద టక్కున పెట్టి. "నిన్నటిది. మొన్నటిది ఇదిగో. అటుమొన్నటిది కూడా దాచాను, చూస్తావా?"

ఎల్డన్ ఇంటి బేస్‌మెంటు మెట్లు దిగి ఇంకా కోటైనా విప్పని హోయ్ట్ డొప్పను తిరగేసి చూశాడు. అడుగున గుంట చిన్నదే.

పేలిన తూటాల డొప్పలు ఏరుకొచ్చి, బిళ్ల, మందు, గుండు కొత్తగా కూర్చి మళ్ళీ తూటాలు చేసుకోవడం ఆ స్నేహితులిద్దరికీ పాత అలవాటు. పాయింట్ నలభై అయిదు పిస్తోలు డొప్పలన్నీ పైకి ఒక్క తల్లి బిడ్డల్లా ఉంటాయి. తేడా అంతా అడుగున. నిప్పు రాజేసే ప్రైమర్ బిళ్లకి చాలా కంపెనీలు పెద్ద గుంట చేస్తాయి, కొన్ని మాత్రం ఎవరి కొంప ముంచడానికో చిన్న గుంట చేస్తాయి. పెద్దవాటిలో చిన్నది ఒక్కటి దూరితే చాలు, బిళ్ల నలిగి, తూటాలు కూర్చే ప్రెస్సు బిగుసుకుపోతుంది. మొండిగా నొక్కితే చేతిలోనే పేలుతుంది. విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేసరికి ఆ పూటకి పని మీద మనసు చస్తుంది.

ఎల్డన్ పాత ట్రాక్టర్లు కొని అమ్మే మనిషి. తూటాలు కొట్టులో కొనేకంటే ఇంట్లో చేసుకుంటే సగానికి సగం మిగులుతుందని లెక్క కట్టాడు. ఆ లెక్కలో కోపానికి ఖర్చు రాసుకోలేదు. శనివారం జిల్లా జోడీల పిస్తోలు పోటీ. కిందటేడు లూయిస్‌టౌన్ జోడీ చేతిలో వెంట్రుకవాసిలో ఓడిపోయారు. ఈసారి ఇద్దరూ ఒకే చేతి తూటాలు కాల్చాలని ఒప్పందం. ఏరే పని హోయ్ట్‌ది, ప్రెస్సు నొక్కే పని ఎల్డన్‌ది. వారం పొడుగునా సాయంత్రమయ్యేసరికి ప్రెస్సు బిగుసుకోవడం, ఎల్డన్ విసుగెత్తి పైకి పోయి, భోజనం ముందు కూర్చుని హోయ్ట్ మీద నేరాలన్నీ భార్య ఆర్డిస్‌కి ఏకరువు పెట్టడం. తూటాల పెట్టె సగం కూడా నిండలేదు.

"నీ కళ్ళజోడు మార్చుకోరా," అన్నాడు ఎల్డన్.

"నీ ప్రెస్సు మార్చుకో," అన్నాడు హోయ్ట్. కానీ కోటు విప్పి కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం బకెట్ మొత్తం మళ్ళీ ఏరారు. ప్రతి డొప్పనీ హోయ్ట్ దీపం కింద చూసి ఇస్తే, ఎల్డన్ ఇంకోసారి చూసి పళ్ళెంలో వేశాడు. చిన్న గుంటవి కనిపించినప్పుడల్లా ఎప్పటిలాగే కాఫీ డబ్బాలో పడేశాడు. డబ్బా నిండితే పాత సామాన్ల కొట్లో వేసి రమ్మని ఆర్డిస్‌కి ఇస్తాడు. చివరికి పళ్ళెంలో పెద్దవి తప్ప మరొకటి లేదని ఇద్దరూ ఒట్టేసుకున్నంత పనిచేశారు.

ప్రెస్సు వెన్నలా నడిచింది. పైనించి ఆర్డిస్ భోజనానికి రమ్మంది. ఇంకో పది, అన్నాడు ఎల్డన్. ఇంకాసేపటికి మళ్ళీ పిలిచింది. ఇంకో పది. మూడోసారి కేక వెయ్యకుండా తనే దిగి వచ్చి, హోయ్ట్‌కో కప్పు కాఫీ ఇచ్చి, బల్ల మీద చిందిన మందు పొడి గుడ్డతో తుడిచి, మాంసం పొయ్యి మీంచి దించబోతున్నానని చెప్పి వెళ్ళింది. ఎల్డన్ తల ఎత్తలేదు.

ప్రెస్సు పిడి సగం దిగి ఆగిపోయింది.

ఎల్డన్ ఊపిరి బిగబట్టి, మెల్లగా పిడి ఎత్తి, డొప్పను బయటికి లాగాడు. దీపం కింద పెట్టాడు. గుంట చిన్నది.



"ఒక్కొక్కటీ నేను చూశాను," అన్నాడు ఎల్డన్. "నేను చూశాక పళ్ళెం పక్కన కూర్చున్నది నువ్వే. లూయిస్‌టౌన్ జోడీలో మీ బావమరిది ఉన్నాడని నాకు తెలియదనుకున్నావా?"

హోయ్ట్ కాఫీ కప్పు కింద పెట్టాడు. లేచి కోటు తొడుక్కున్నాడు, టోపీ పెట్టుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళు నీ పక్కన నిలబడి కాల్చాను," అన్నాడు. "శనివారం నీ ప్రెస్సును నిలబెట్టుకో."

అతను మెట్లెక్కుతుంటే బూట్ల చప్పుడు ఎల్డన్ గుండెల మీద పడ్డట్టయింది. ఇంత బేరం తెలిసినవాడు, గుప్పెడు ఇత్తడికి ముప్ఫై ఏళ్ళ స్నేహం చెల్లించేశాడు. దీపం ఆర్పి వెనకే పైకి వెళ్ళాడు.

బల్ల మీద మూడు కంచాలు పెట్టి ఉన్నాయి. ఆర్డిస్ వీధి తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది.

"టోపీ తీసి కూర్చో, హోయ్ట్. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు," అని, అల్మరాలోంచి దోసకాయ పచ్చడి సీసా తెచ్చి ఎల్డన్ కంచం పక్కన పెట్టింది.

సీసాలో పచ్చడి లేదు. సగం దాకా ఇత్తడి డొప్పలు. ఎల్డన్ ఒకటి తీసి తిరగేశాడు. గుంట చిన్నది. ఇంకొకటి తీశాడు. అదీ చిన్నదే.

"నేను మూడుసార్లు పిలిచినా ఒక్క మెట్టు ఎక్కవు," అంది ఆర్డిస్, అతని కంచంలో పొగలు కక్కుతున్న మాంసం వడ్డిస్తూ. "వీటిలో ఒకటి నీ పళ్ళెంలో వేస్తే, కూర చల్లారకముందే వస్తావు."