కంబళి ముక్క

చీమ చిటుక్కుమన్నా పసివాడు లేస్తున్నాడని, వినీవినిపించనట్టు రొద చేసే కంప్యూటర్ కింద తాలయ్‌బెక్ ఉన్ని కంబళి ముక్క పరిచాడు. బిష్కెక్‌లోని ఆ చిన్న ఫ్లాట్‌లో చప్పుడన్నదే లేకుండా పోయింది. అప్పుడు వినిపించింది, గురగురమంటూ ఎవరిదో ఆయాసం.

“ఏ కంబళి కోశావు?” అంది భార్య జిబెక్.

“అమ్మది.”

“అత్తయ్య ఆయాసపడుతూ ప్రాణం విడిచిన కంబళా! పోయినవాళ్ళవి ఇంట్లో ఉంచకూడదు, పంచేయమని పెద్దాళ్ళు చెప్పలేదూ? పిసినారీ!”

అతను ప్లగ్గు పీకాడు. తెర ఆరిపోయింది, ఆయాసం ఆగలేదు. ముక్కను కిటికీలోంచి మంచులోకి విసిరేశాడు. గది నిశ్శబ్దమైంది.

హమ్మయ్య అనుకుని ఇద్దరూ ఊయల మీదికి వంగారు. పసివాడు నిద్రలోనే ఊపిరి ఎగబీల్చాడు. అచ్చం నానమ్మలాగే, గురగురమంటూ.