కారు లేని చోటు

"మా బంతి ఇయ్యండి అంకుల్!"

"ఇయ్యను! ఎన్నిసార్లు చెప్పాల మీకి? అద్దం పగిలితే ఎవరిస్తారు, మీ నాయనా?"

"కారు ఈడ పెడితే తగలక ఏం చేస్తాది?" అంది కావ్య. పదమూడేళ్ళ పిల్ల. చేతిలో బ్యాటు, ముక్కు మీద కోపం.

"పెట్టక నెత్తిన మోసుకోని తిరగాల్నా? పార్కుకి పోయి ఆడుకోండి, పోండి!" మోహన్‌కుమార్ బంతిని వీధి ఆ చివరికి విసిరేసి, కారెక్కి అంగడికి వెళ్ళిపోయాడు.

పార్కంట, పార్కు! ఆ మాట వింటే చాలు పిల్లలకి ఒళ్ళు మండిపోతుంది. పార్కు గేటుకే బోర్డు తగిలించారు, బంతాట నిషేధమని. పరిగెత్తితే వాకింగ్ చేసే పెద్దమనుషులు కసురుతారు. గడ్డి మీద కాలు పెడితే తోటమాలి ఈల ఊదుతాడు. పోనీ ఉయ్యాల ఎక్కుదామంటే, చిన్నపిల్లలకు మాత్రమేనట, కావ్యకి వయసు మీరిపోయిందట! బడి విడిచిపెట్టగానే మైదానానికి తాళం పడుతుంది. ఇంత పెద్ద బెంగళూరులో వాళ్ళకి మిగిలింది ఈ క్రాస్ అనే అడ్డవీధి చివర గోడ పక్కనున్న కాస్త జాగా. సాయంత్రమైతే అక్కడ కూడా మోహన్‌కుమార్ తెల్ల కారు దున్నపోతులా వచ్చి పడుకుంటుంది, ఆదివారమైతే అసలు కదలదు.

రేపు ఆదివారం పొద్దున పక్క క్రాస్ వాళ్ళతో మ్యాచ్. పందెం కాసింది కావ్యే. ఆడటానికి చోటు లేదంటే ఓడిపోయినట్టే లెక్క. ఆ తర్వాత వాళ్ళ ఎగతాళి భరించడం ఎవరి తరం?

"టైర్లలో గాలి తీసేద్దామా?" అన్నాడు పక్కింటి చేతన్.

"తీస్తే బండి ఈడే పడుంటాది కదరా, మొద్దూ!"

కావ్య ఒక చోట నిలబడలేకపోయింది. ఆ గోడ నుంచి ఈ గోడకి, ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగింది. మోరీ కాలవ పనివాళ్ళు వదిలేసిన రాయొకటి కాలికి తగిలింది. తన్నబోయి ఆగింది.

"చేతన్, దీన్ని ఒక చెయ్యి పట్టు. నేను ఇంట్లోకి పోయి పసుపు తెస్తా."

కాసేపట్లో రాయి గోడకి ఆనుకుని నిలబడింది. ఒళ్ళంతా పసుపు, పెద్ద కుంకుమ బొట్టు, నాలుగు వేపరెమ్మలు, ముందర ఒక నిమ్మకాయ.

"అమ్మవారికి కోపం వస్తేనో?" చేతన్ రాయి దగ్గర నుంచి వెనక్కి జరిగాడు.

"ఎందుకొస్తాదిరా? ఆడుకునే పిల్లకాయల మీద ఏ అమ్మకైనా కోపం వస్తాదా?" అంది గానీ, కావ్య కూడా రాయికి ఒక దణ్ణం పెట్టుకుంది.

పొద్దుగూకే వేళకి తెల్ల కారు వచ్చింది. ఇద్దరూ కావ్య వాళ్ళ మెట్ల మీద నక్కి చూశారు. మోహన్‌కుమార్ కారు దిగాడు. రాయిని చూశాడు. అటూ ఇటూ చూసి గబుక్కున చెప్పులు విడిచి, టపటపా లెంపలేసుకున్నాడు. ఆ తర్వాత కారు వెనక్కి తీసుకుని వెనక వీధికి పోయాడు. నవ్వు ఆపుకోలేక చేతన్ చొక్కా కొస నోట్లో కుక్కుకున్నాడు.

అంతలో గాలీ వానా మొదలయ్యాయి. పసుపు కరిగిపోతుందేమోనని కావ్య కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ ఒకటే తిరుగుడు.

"నీకేమన్నా పట్టిందేమే? ఒక చోట కూర్చోరాదా!" అని అవ్వ చౌడమ్మ గదమాయించింది.

తెల్లవారింది. వాన వెలిసింది. కావ్య బ్యాటు తీసుకుని పరుగెత్తింది. కారు లేదు! కానీ వీధిలో సగం జనం అక్కడే ఉన్నారు. రాయికి ఎవరో మళ్ళీ పూసిన పసుపు, ముందు ముగ్గు, మెడ నిండా పూలదండ. చౌడమ్మ హారతి ఇస్తూ ఉంది.

మోహన్‌కుమార్ చేతులూపుతూ అందరికీ చెప్తున్నాడు. "నిన్న ఈ తల్లి నన్ను ఈడ నిలపనియ్యలేదప్పా! ఎనక వీధిలో పెట్టినా. రాత్రి గాలికి ఈ గోడ మీది చెట్టుకొమ్మ ఇరిగి, సరిగ్గా నేను రోజూ బండి పెట్టే జాగాలోనే పడింది. పొద్దున్నే అందరం కలిసి పక్కకి ఈడ్చేసినాం. ఈడే పెట్టుంటే నా బండి అప్పడమై పోయుండేది! ఫోటో తీసి అన్ని వాట్సాప్ గ్రూపులకీ పంపించేసినా."

 చెప్పొద్దన్నట్టు చేతన్ కావ్య చొక్కా పట్టి లాగుతున్నాడు. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"అంకుల్... ఆ రాయి మేమే పెట్టినాం."

 చౌడమ్మ హారతి పళ్ళెం మనవరాలి ముఖం ముందుకు తెచ్చింది. "మీ చేత పెట్టించింది ఎవరే పిచ్చిదానా? ఆ తల్లే! కండ్లకద్దుకో."

కావ్య కళ్ళకద్దుకుంది. ధైర్యం తెచ్చుకుని అడిగింది. "అంటే అంకుల్, ఇంక ఎవరూ కార్లు ఈడ నిలబెట్టరు కదా?"

"అమ్మవారి ముందర ఎవరికమ్మా అంత ధైర్యం? మీరు ఆ పక్కన ఎంత సేపైనా ఆడుకోండి. ఎవరన్నా కాదంటే నాకు చెప్పు."

కావ్య ఎగిరి గంతేసింది. అమ్మయ్య, ఇన్నాళ్ళకి! ఇక వాళ్ళని లేవగొట్టేవాళ్ళే లేరు. పక్క క్రాస్ వాళ్ళు కూడా వచ్చేశారు. చేతన్ ఇటుకలు పేర్చి వికెట్లు పెట్టాడు. కావ్య బంతి పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది.

వెనక నుంచి హారన్ మోగింది. కావ్య తిరిగి చూసింది. ముందు భాగానికి పూలదండ కట్టిన కారు. అద్దం దించి, చేతిలో నిమ్మకాయలతో ఒకాయన తల బయటికి పెట్టాడు.

"పాపా, బండ్లని కాపాడే అమ్మవారు ఈడేనంట కదా? ఆ ఇటుకలు కొంచెం తీసెయ్యండమ్మా, పూజకి నా ఎనకాల ఇంకా శానా బండ్లుండాయి."