మేక నోట్లో క్లారినెట్

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు పైడిబాబు, తలెత్తకుండానే.

అబిగేలు క్లారినెట్ పెట్టెని బల్ల మీద పెట్టింది. భుజం మీద బన్నీ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నెలల పిల్లాడు. పగలూ లేదు, రాత్రీ లేదు, ఒకటే ఏడుపు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. ఏమీ లేనివాడు ఎందుకేడుస్తాడో మాత్రం చెప్పలేదు.

బతు బస్తీలో పైడిబాబుది ఇరుకు కొట్టు. పోలీసు బ్యాండులో రిటైరయ్యాక పెట్టాడు. పోర్ట్ బ్లెయిర్ మొత్తం వెతికినా క్లారినెట్ విప్పి మళ్ళీ సరిగ్గా బిగించగలిగేది తనొక్కడేనని అతని నమ్మకం.

పెట్టె తెరిచి, చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు మౌత్‌పీసుని రెండు వేళ్ళతో పైకి తీశాడు.

"పళ్ళగాట్లు చూడు! మీ ఆయన ఊదుతున్నాడా, నములుతున్నాడా? మేకకిచ్చినా ఇంతకంటే మర్యాదగా చూసుకుంటుంది."

"మేకనెందుకంటారు అంకుల్, పాపం! మా సురేష్ ఊదితే మిన్నీ బే కుక్కలన్నీ సముద్రం వైపు పరిగెడతాయి."

"మరి ఎందుకా కష్టం?"

"చర్చి బ్యాండులో కుర్చీ కోసం. పాట మధ్యలో ఇది ఆగిపోతోంది. ఈ ఆదివారం కూడా ఆగితే కుర్చీ ఇంకొకరికిచ్చేస్తామన్నారు పాస్టరు గారు. తప్పంతా క్లారినెట్‌దేనని ఈయన గోల."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!" పైడిబాబు గొట్టాన్ని లైటు కింద తిప్పి చూశాడు. "రంధ్రాలు మూసే ప్యాడ్లన్నీ మొన్ననే మార్చాను. గాలి చుక్క పోదు. ఇదిగో, మళ్ళీ అదే రోగం. ఈ సూదిలాంటి స్ప్రింగు గాడిలోంచి తప్పింది. దానంతటది తప్పదమ్మా ఇది. దీంతో క్రికెట్టాడుతున్నాడా ఏంటి, బేవకూఫ్! రమ్మను, చెవి మెలేస్తాను."

"జెట్టీలో డ్యూటీ అంకుల్. వచ్చినా ఆయనకేం తెలుసు?"

"సొంత వాయిద్యంలో స్ప్రింగెక్కడుందో తెలీనివాడికి కుర్చీ ఎందుకు? స్టూలు కూడా దండగే!"

చిన్న కొక్కెంతో ఒక్క నొక్కు నొక్కాడు. స్ప్రింగు గాడిలో కూర్చుంది.

"బస్, తీసుకుపో."

"వాయించి చూడరా?"

"నా పని మీద అనుమానమా?"

అంటూనే జేబులోంచి తన సొంత మౌత్‌పీసు తీసి తగిలించాడు. ఆ మేక ఎంగిలి అతను ముట్టడు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఒక పాట ఎత్తుకున్నాడు. పాట అయ్యాక ఇంకోటి. టెస్టింగని మొదలుపెడితే అతనూ అంత తొందరగా ఆపడు.

రెండో పాట సగంలో బన్నీ ఏడుపాపి తల వాల్చేశాడు. అబిగేలు వాణ్ణి పొదివి పట్టుకుని గోడకి చేరబడింది.

"లే అమ్మా, లే! ఇది కొట్టు, ధర్మశాల కాదు," అని పైడిబాబు గద్దించేదాకా ఆమెకి మెలకువ రాలేదు. "ఇంకోసారి ఇది నా బల్లెక్కిందంటే విరిచి పొయ్యిలో పెడతానని చెప్పు ఆ మేకకి."

"చెప్తాను అంకుల్."

బస్సులో బన్నీ నిద్రలోనే కదిలి ఏడుపుకి మూతి ముడిచేసరికి, అబిగేలు గాజుకున్న పిన్నీసు తీసి, ఒళ్ళో పెట్టె తెరిచి, ఆ స్ప్రింగుని ఎప్పటిలాగే గాడిలోంచి తప్పించింది.