అంచు వంకర నాణెం

జనగామ నాణేల ప్రదర్శనలో జునైద్ నా పాత ఇంగ్లండు బంగారు నాణేన్ని అందరి ముందు నకిలీ అన్నాడు. "అంచేందన్నా, ఎలుకలు కొరికినయా?" అని నవ్వించాడు. సుత్తితో కొట్టి చేసిన నాణెం గుండ్రంగా రాదని ఆ మూర్ఖుడికి తెలియదు.

పదేళ్లకు నిన్న, అదే రకం నాణెం పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"జర చూడన్నా, అసలుదేనా?"

గాజులా గుండ్రంగా ఉంది. యంత్రంపై చేసిన నకిలీ.

"నూటికి నూరుపాళ్లు అసలుదే," అన్నాను. ఊరంతా చూపించి నవ్వులపాలు కావాలని.

జునైద్ దాన్ని నా గుప్పిట్లో పెట్టి మూశాడు.

"గానాడు నలుగుట్ల నీ పరువు తీసిన, మాఫ్ చెయ్. నీ తాన అసలుదొక్కటన్న ఉండాలని రెండేండ్ల సంది ఎతికిన."

వెనక్కివ్వాలంటే నా అబద్ధం ఒప్పుకోవాలి. జేబులో వేసుకున్నాను.